షిఫ్టు కాని వేళ సైరన్

పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు పోస్టుల రిపోర్టు చేసిన. తుంపర పడుతున్నది. గాలి గోదావరి దిక్కు నుంచి. రాష్ట్రం కోసం సమ్మె మొదలై అప్పటికి ఆరు రోజులు.

పోస్టు అంటే మట్టిగుట్ట. దేవుడు పెట్టిన గుట్ట కాదు. ఓపెన్‌కాస్టుల బొగ్గు తియ్యాలంటే ముందుగాల మీది మన్ను తియ్యాలె. ఆ మన్నును డంపర్లు తెచ్చి పోసిన కుప్ప అది. పోసి చాన ఏండ్లయింది, తుమ్మలు మొలిచినయ్. ఎత్తు మూడు వందల అడుగులు. పైన నాలుగు వెదురు కట్టెలకు ఒక నీలం తాడిపత్రి కట్టి ఉన్నది. కింద ఒక నులక మంచం. అదే నా బంకరు.

అక్కడ నిలబడి చూస్తే గోదావరిఖని సగం కనబడుతది. తూర్పున రామగుండం పొగగొట్టాలు, అన్నింట్ల ఒక్కదానికే పొగ. దక్షిణాన కరీంనగర్ రోడ్డు, దాని మీద నుంచి మా దిక్కు తిరిగే సన్న రోడ్డు, నడుమ రైల్వే గేటు. గుట్ట కింద నాలుగు బాటల కాడ సమ్మె శిబిరం. శిబిరం దాటితే ఇంక్లైన్. అంటే భూమిలకు ఏటవాలుగ దిగే పాత బొగ్గు బాయి. ఇంక్లైన్ దాటితే వాగు, వాగు మీద చిన్న వంతెన, వంతెన అవుతల కాలనీ. కాలనీ అసలు పేరు రాయను. పంపుల కాలనీ అనుకోండ్రి.

గుట్ట మూడు వందల అడుగులు అని రాసిన గద. నూటయాభై ఉంటదేమో. నేను ఎవరికి చెప్పినా మూడు వందలే చెప్పిన, చెయ్యికి అదే అలవాటైంది. ఈ కథను గూడ చాన సభలల్ల చెప్పిన. పిల్లల బడిల ఒకసారి చెప్పిన. ఇప్పుడు రాసేది ఆ కథ కాదు.

నన్ను ఆ పోస్టుకు ఎందుకు ఏసిండ్రో ముందు చెప్పాలె. నేను మిలట్రీల పదిహేడేండ్లు చేసి వచ్చినోణ్ని. బాయిల ఒక్క దినం దిగలే. మాది పెద్దపల్లి దిక్కు పల్లె. అల్లుడు బాయి మనిషి కాబట్టి బిడ్డ ఇంట్ల ఉండేటందుకు ఇటు వచ్చిన. అందరు నన్ను మిలట్రీ అనే పిలుస్తరు. నేను గుర్రపు దళంల చేసిన అని కాలనీ అంతటికి తెలుసు. ఎట్ల తెలుసంటే, నేనే చెప్పిన.

గుర్రాలు కావు, కంచరగాడిదలు. కొండల మీది పోస్టులకు పిండి, కిరోసిన్, ఉల్లిగడ్డలు మోసే కంపెనీ మాది. నా హోదా మ్యూల్ డ్రైవర్. ఆ డ్రైవర్ మీద కూసునేటోడు కాదు. ముంగట తాడు పట్టుకొని మంచుల నడిచేటోడు. పదిహేడేండ్లల్ల నేను ఒక జంతువు మీద కూసున్నది రెండుసార్లు, రెండుసార్లు కింద పడ్డ.

ఇగ గుర్రం ఎందుకు అవసరమైందంటే: మేము బొగ్గు ఆపినం. బొగ్గు లేక కరెంటు కోత పడ్డది. కరెంటు లేక ఫోను టవర్లు పండుకున్నయ్. రోజుకు రెండు గంటలు మాట కలిస్తే గొప్ప. మోటారు సైకిలు మీద కబురు పంపుదామంటే రోడ్డు మీద అడుగడుగుకు చెకింగు. గుట్ట మీద నుంచి మోటారు సైకిలు దించుదామంటే వాన తడికి ఆ మన్ను సబ్బు తీరు అయితది. సమ్మె కమిటీల ఎవరో అన్నరు, "గుర్రం ఉండాలె గిప్పుడు." అందరు నా దిక్కు చూసిండ్రు. నేను మీసం దువ్విన.

గుర్రం బ్యాండాయనది. పెండ్లిండ్లల్ల పిలగాన్ని ఊరేగించే ఆడగుర్రం, పేరు చాందిని. ముహూర్తాలు లేని నెల, ఊకెనే నిలబడి గడ్డి తింటున్నది. తాడు నా చేతికిచ్చుకుంట బ్యాండాయన ఒక్క మాట చెప్పిండు.

"కాకా, మంచి గుర్రమిది. కరువది, తన్నది. డప్పు ఇనబడ్డదంటే మాత్రం దీనికి ఇంకేం ఇనబడది."

"కాశ్మీరుల బాంబుల నడుమ గుర్రాలు తోలినోణ్ని. నాకు చెప్తున్నవా?" అన్న.

సామాను: గుర్రం ఒకటి. జీను బదులు గోనె సంచులు రెండు, ఎందుకంటే పెండ్లి జీనుకు అద్దాలు, జరీ, మెరిసి దూరం నుంచే కనబడుతది. ఈల ఒకటి. గొడుగు ఒకటి. సద్దిగిన్నె. చేతి గడియారం, రోజుకు రెండు నిమిషాలు ముంగటికి ఉరుకుతది.

ఆర్డర్లు నాకు క్యాంటీనక్క ఇచ్చింది. ఆమెకు నలభై దాటినయ్. భర్త ఆ ఇంక్లైన్లనే పైకప్పు కూలి పోయిండు. ఆయన జాగల కంపెనీ ఆమెకు క్యాంటీన్ల పని ఇచ్చింది. కాలనీ ఆడోళ్లకు ఆమె ఎంత చెప్తే అంత. ఆమె తమ్ముడు అదే బాయిల పంపు డ్రైవర్. సమ్మె అయినా పంపులు ఆపరు. ఆపితే బాయి మునుగుతది, సమ్మె గెలిచినంక దిగేటందుకు బాయే ఉండది. అందుకని షిఫ్టుకు నలుగురిని కమిటీనే ఎమర్జెన్సీ డ్యూటీకి పంపుతుండె. వాళ్లు కాక, పైన వాళ్లకు దీపాలిచ్చే ల్యాంపురూం ఆయన ఒకడు. సమ్మెల ఆ బాయి కాడ మసిలేది గా మనుషులే.

కాలనీల కమిటీవోళ్లు పన్నెండు మంది ఉన్నరు. వాళ్లను ఎత్తుకపోయేటందుకు బయటి నుంచి పోలీసు ఫోర్సు దిగుతదని కబురు వచ్చింది. ఎప్పుడు అనేది తెల్వది.

"కాకా, నువ్వు మాకు పావుగంట ముందు చెప్పాలె, అంతే," అన్నది క్యాంటీనక్క. "పావుగంట ఉంటే మొగోళ్లు తుమ్మలల్లకు పోతరు. మేము గల్లీ మొగదల అడ్డం కూసుంటం."

"కూసుంటే లేపుతరు బిడ్డా."

"లేపనియ్. కూసున్న ఆడిదాన్ని లేపుతరు గని కొట్టరు. ఉరికేటోళ్లనే కొడతరు. నేను రెండు సమ్మెలు చూసిన. ఎవ్వరు ఉరకద్దు, గదే నా ఫికరు. ఎంతసేపట్ల దిగుతవ్ గుట్ట మీదికెళ్లి?"

"నాలుగు నిమిషాలు."

"ఎవరు కొలిచిండ్రు?"

"నేనే."

"అయితే ఎనిమిది అనుకుంట," అన్నది. పక్కన ఉన్నోళ్లు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

మొదటి రెండు రోజులు ఏం కాలే. పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాక డ్యూటీ, తర్వాత ఇంకొకాయన ఈల పట్టుకొని కూసునేది. వాన. ఎండ. మల్ల వాన. చాందిని తుమ్మకాయలు తిన్నది. నేను రోడ్డు మీద లారీలు చూసుకుంట కూసున్న.

మూడో రోజు పొద్దున పదకొండింటికి రెండు వ్యానులు, వెనుక ఒక బస్సు మా రోడ్డుకు తిరిగినయ్. నేను చాందినిని దించిన. కాలనీల ఈల కొట్టిన. క్యాంటీనక్క చెప్పినట్టే అయింది. మొగోళ్లు మాయం. నూటయాభై మంది ఆడోళ్లు గల్లీ మొగదల బురదల కూసున్నరు. ఒక్కరు ఉరకలే. బస్సు వచ్చి ఆగింది. అండ్లకెళ్లి ఒక పంతులు, వంట గిన్నెలు, గుండు కొట్టించుకున్న ఇద్దరు అన్నదమ్ములు దిగిండ్రు. వెనుక గల్లీల ఒక ముసలామె దినాలకు వచ్చిన సుట్టాలు.

ఒక షాట్‌ఫైరర్, అంటే బాయిల బొగ్గుకు మందుగుండు పెట్టేటాయన, కడుపు పట్టుకొని నవ్విండు. "మిలట్రీ, దినాలకొచ్చినోళ్లను గూడ అడ్డుకుంటిమి గదనే! ముసలిది పైకెళ్లి చూస్తే ఏమనుకుంటది?"

అందరు నవ్వుతుంటే క్యాంటీనక్క మాత్రం నా కాడికొచ్చి, "నవ్వనియ్ కాకా. మనం ఎట్ల కూసోవాలెనో తెలిసింది. మల్ల గట్లనే దిగు, అనుమానం వచ్చినా దిగు," అన్నది.

ఆ మాట నేను వినలే. షాట్‌ఫైరర్ నవ్వు ఒక్కటే చెవిల ఉండిపోయింది.

పోస్టుల నా తొమ్మిదో రోజు. మధ్యాహ్నం రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. తుంపర. కరీంనగర్ రోడ్డు మీద నుంచి ఇరవై రెండు బండ్లు మా దిక్కు తిరిగినయ్.

ఏడు. సభలల్ల ఇరవై రెండు చెప్పిన. ఏడు బండ్లు, జాలీలు కొట్టినయ్ నాలుగు, జీపులు మూడు. రైల్వే గేటు కాడ ఆగినయ్. ఎవరో పెద్దాయన కోసం ఆగినట్టున్నరు. నేను అప్పుడే దిగాలె. దిగలే. జాలీల ఎనుక ఉన్నది ఫోర్సేనా, ఇంకెవరన్ననా అని చూసుకుంట నిలబడ్డ. ఒకడు దిగి మూత్రానికి పోయిండు. వాని చేతిల డాలు కనబడ్డది. అప్పుడు గుర్రమెక్కిన. ఆరు నిమిషాలు పోయినయ్.

గుట్ట మీదికెళ్లి మెరుపోలె దిగిన అని చెప్తుంటి. ఆ జారుడుల మెరుపు గూడ మెల్లగనే దిగుతది. అయినా దిగినం. శిబిరం కాడికి వచ్చేసరికి రెండు నలభై.

శిబిరంల డప్పు కొడుతున్నరు. ఆరుగురు. రెండు వందల మంది జనం. చాందిని చెవులు నిక్కబొడుచుకున్నయ్. మెడ వంచింది. ముంగటి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి లేపి ఆడుడు మొదలువెట్టింది.

జనం లేచి నిలబడ్డరు. ఈలలు. "మిలట్రీ! మిలట్రీ!" నేను "ఫోర్సొచ్చింది, డప్పాపుండ్రి" అని ఒర్లిన. ఎవరికి ఇనబడలే. నేను చెయ్యి లేపితే వాళ్లు గూడ చేతులు లేపిండ్రు.

గుర్రం ఆడింది అని చెప్పి ఇన్నేండ్లు తప్పించుకున్న. గుర్రం మీదికెళ్లి దిగి తాడు పట్టి గుంజితే అది వచ్చేది. నాకు వచ్చిన పని అదొక్కటే గద, పదిహేడేండ్లు చేసింది. రెండు వందల మంది నా పేరు పిలుస్తుంటే దిగబుద్ధి కాలే. ఎన్నడు నా కోసం ఎవరు ఈల ఎయ్యలే. ఒక్క సుట్టు తిరిగినం, నేను చాందిని. ఇంకో సుట్టు తిరిగినం.

డప్పాయన నా మొఖం చూసి కట్టె ఆపేసరికి మొదటి జీపు శిబిరం పక్కకెళ్లి పోతున్నది. దాని ఎనుక ఆరు. ఇంక్లైన్ గేటు కాడ ఆగి, దిగి, వరుస కట్టిండ్రు. అక్కడి నుంచి వంతెన రెండు వందల గజాలు. వంతెన దాటితే కాలనీ. రోడ్డు వాళ్ల చేతులకు పోయింది.

నేను ఇంక్లైన్ ఎనుక కంచె తెగిన కాడికెళ్లి వాగుకు పోయిన. నీళ్లు గుర్రం పొట్ట దాక ఉన్నయ్. మోకాళ్ల దాక. చాందిని ఒక కాలు పెట్టి తీసుకున్నది. అవుతల కాలనీ కనబడుతున్నది. నల్లా కాడ ఆడోళ్లు బిందెలు పెట్టుకొని నిలబడ్డరు. ఎవరో పిల్లకు జడ ఏస్తున్నది. ఈల కొట్టిన. గాలి నా మొఖానికే కొడుతున్నది, ఈల ఎనుకకే పోయింది.

గుర్రాన్ని ఇడిసిపెట్టి నీళ్లల్ల నడిచి పోవచ్చు. మూడు నిమిషాలు. అంతకంటే పెద్ద పారుడుల నేను ఉల్లిగడ్డల బస్తాలు దాటిచ్చిన. ఎందుకు పోలేదంటే, గుర్రం మీద కబురు తెచ్చేటోడు లుంగీ ఎగ్గట్టి తడిసి ఉరుక్కుంట వచ్చిండు అని షాట్‌ఫైరర్ నవ్వు ఒకటి కండ్లల్ల మెదిలింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఎతికితే దొరకలే.

నా పక్కకే ల్యాంపురూం ఉన్నది. సైరన్ స్విచ్చి ఆ గదిలనే. పంపుల కోసం బాయికి కరెంటు ఉన్నది కాబట్టి సైరన్ మోగుతది. గుర్రాన్ని కిటికీ చువ్వకు కట్టి లోపటికి పోయిన.

ల్యాంపురూం ఆయన ముప్పై ఏండ్ల సర్వీసు మనిషి. చర్చిల పెద్ద. దీపాల అద్దాలు తుడుచుకుంట కూసున్నడు.

"సైరన్ కొట్టు తమ్మీ. ఫోర్సు గేటు కాడికొచ్చింది. కాలనీకి తెల్వది."

ఆయన లేచి నిలబడ్డడు. "వద్దన్నా."

"టైము లేదు."

"ఇను. షిఫ్టు కాని టైంల సైరన్ మోగితే ఒక్కటే లెక్క. బాయిల ఎవరికో ఏదో అయిందని. ఇంట్ల ఎవ్వరు ఆగరు. మొత్తం కాలనీ ఇటే ఉరికొస్తది. లోపట నలుగురున్నరు, అందరికి ఎరుకే."

"రానియ్. ఇండ్లల్ల దొరకకుంటే చాలు."

"గేటు కాడ ఎవరు నిలబడ్డరో నువ్వే చెప్తివి గదన్నా. వాళ్ల మీదికి పంపుతవా?"

సభలల్ల నేను ఈ గది సంగతే చెప్పలే. ఎవరికి చెప్పద్దని అల్లునికి ఒక్కసారి చెప్పిన, అప్పుడు గూడ "నేను మిలట్రీ మనిషిని, బాయి సైరన్ సంగతి నాకేం తెలుసు, మా కాడ సైరన్ మోగితే దాక్కుంటం" అని చెప్పిన. ఇప్పుడు సక్కగ రాస్తున్న. నాకు చెప్పిండు. రెండుసార్లు చెప్పిండు. నేను ఆయనను తోసేసి స్విచ్చి నొక్కిన. రెండు నలభై తొమ్మిదికి. నిమిషం సేపు చెయ్యి తియ్యలే.

ఆ సప్పుడు మీరు ఇనకుంటే మంచిదే. నేను కిటికీలకెళ్లి చూస్తున్న. నల్లా కాడ బిందెలు అక్కడనే ఒరిగినయ్. జడ ఏసే ఆమె సగం జడ ఇడిసిపెట్టింది. తలుపులు బార్ల. తుమ్మలల్లకు పోవాల్సిన మొగోళ్లు గూడ ముంగటనే ఉన్నరు. కాలనీ మొత్తం వంతెన ఎక్కింది. ఎవ్వరు ఒర్లలే. కాళ్ల సప్పుడు, అంతే. ఆ ముంగట క్యాంటీనక్క.

గేటు కాడ ఉన్నోళ్లు పిల్లలు. ఎక్కడెక్కడి ఊర్లోళ్లో. వాళ్లకు మా సైరన్ ఏం ఎరుక? మూడు వందల మంది తమ మీదికి ఉరికొస్తున్నరు, అదొక్కటే కనబడ్డది. ఒక పెద్దాయన ఏదో అరిసిండు. డాళ్లు లేసినయ్. కట్టెలు లేసినయ్.

నా ఎనుక ల్యాంపురూం ఆయన బాయి ఫోను మర తిప్పుతున్నడు. భూమి లోపటి పంపు కాడికి అదొక్కటే తీగ.

"హలో పంపు. హలో. నలుగురు పైకి రాండ్రి. జల్ది... ఏం కాలే. ఏం కాలేదు కాబట్టే రమ్మంటున్న. మీ మొఖాలు చూస్తెనే వీళ్లు ఆగుతరు. రాండ్రయ్యా, దండం పెడుత."

పంపు కాడికెళ్లి పైకి పదిహేను నిమిషాల నడక.

తర్వాత లెక్కలు: పన్నెండు మంది కమిటీవోళ్లు బండ్లెక్కిండ్రు, వారానికి ఇడిసిపెట్టిండ్రు. పదకొండు మంది ఆడోళ్లు దవాఖానల. క్యాంటీనక్కకు ఎడమ భుజం కాడ బొక్క ఇరిగింది. బాయిల నలుగురికి గోరంత దెబ్బ లేదు, ఉండేందుకు అక్కడ ఏం కాలే గద.

పోస్టు ఎత్తేసిండ్రు. సాయంత్రం ఐదున్నరకు చాందినిని బ్యాండాయనకు అప్పజెప్పిన. నడుచుకుంట ఇంటికి పోయిన. బిడ్డ వాకిట్ల నిలబడి ఉన్నది. గేటు కాడ అల్లునికి దెబ్బ తగలలే అని తెలిసి గూడ లోపటికి పోలే.

"నాయినా, సైరన్ ఎవలు కొట్టిండ్రట?"

నేను చెప్పులు ఇడిసిన. కాళ్లు కడుక్కున్న. "ల్యాంపురూంల ఎవడో," అన్న.

ఎవడో. ఆ గదిల డ్యూటీ చేసేది ఒక్కడే అని కాలనీల పసిపిల్లకు గూడ ఎరుకే. చీకటి పడకముందే ఆ మాట నాలుగు గల్లీలు తిరిగింది. తెల్లారేసరికి దానికి చేతులు కాళ్లు వచ్చినయ్. మేనేజరు కొట్టుమంటే కొట్టిండట. ఆడోళ్లను ఫోర్సు మీదికి పంపిండట. పాపం మిలట్రీ గుర్రం మీద వచ్చిండు గని, చెప్పేలోపటనే వీడు సైరన్ కొట్టిండట. నేను గుర్రం మీద ఉన్నది రెండు వందల మంది చూసిండ్రు గద. నేను కొత్తగ అబద్ధం ఆడే పని గూడ పడలే. మీసం మీద చెయ్యేసి ఊకున్న.

ల్యాంపురూం ఆయన చాయ్ తాగే కాడ బెంచి ఖాళీ అయింది. ఆయన కూసుంటే మిగిలినోళ్లు లేచేది. ఒకనాడు బాటల పట్టుకున్న.

"తమ్మీ, నువ్వు నిజం చెప్పరాదు?"

"నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే నిజం అయితది," అన్నడు. కోపం లేదు. ఆగకుంట పోయిండు.

మా దిక్కు బాయి మనిషి రిటైర్ అయితే ఆనాడు ఆయనను నడవనియ్యరు. మెడల నిండ దండలు ఏసి, జీపు మీద నిలబెట్టి, బ్యాండు పెట్టి ఇంటిదాక తోలుకపోతరు. సమ్మె అయిన ఏడాదికి ల్యాంపురూం ఆయన రిటైర్ అయిండు. నేను చాయ్ హోటల్ల కూసున్న. మధ్యాహ్నం మూడింటికి ఆయన గేటు దాటి బయటికొచ్చిండు. ఆఫీసోళ్లు ఏసిన దండ ఒకటి. సంకల గోడ గడియారం, కంపెనీ ఇచ్చింది. ఒక్కడే నడుచుకుంట నా ముంగట్నుంచి పోయిండు. లేచి ఆ గడియారమన్న అందుకోవచ్చు. చాయ్ సల్లారేదాక తాగిన.

రాష్ట్రం వచ్చింది. నాలుగు బాటల కాడ స్టేజీ కట్టిండ్రు. పటాకులు. "గుర్రం మీద కబురు తెచ్చిన వీరుడు" అని నన్ను పిలిచిండ్రు. శాలువ కప్పేటందుకు క్యాంటీనక్కను పిలిచిండ్రు. ఆమె ఎడమ చెయ్యి భుజం మీదికి లేవది. కుడి చెయ్యి ఒక్కదానితోని కప్పింది. ఒక దిక్కు జారితే మల్ల అదే చేతితోని సర్దింది. "ఆగు కాకా, కదలకు," అన్నది. నేను కదలలే. ఆనాడు గూడ మైకు ముంగట ఇరవై రెండు బండ్లే చెప్పిన.

ఆ రాత్రి శాలువను సగం మడత పెట్టి మంచం మీదనే ఇడిసిపెట్టిన. తెల్లారి కాయితం తీసిన.

రాసింది పట్టుకొని మంచిర్యాలకు పోయిన. ల్యాంపురూం ఆయన ఇప్పుడు కొడుకు కాడ ఉంటున్నడు. అద్దాలు పెట్టుకొని మొత్తం సదివిండు. ఒక్క కాడ వేలు పెట్టిండు.

"'తోసేసి' అని రాసినవ్. నువ్వు తొయ్యలే అన్నా. చెయ్యి పట్టి పక్కకు జరుపుతివి. నేను జరిగిన. గట్టిగ నిలబడితే నీతోని అయ్యేది కాదు."

"మరి మార్చాల్నా?"

"నీ ఇష్టం. ముందు క్యాంటీనక్కకు సదివి ఇనిపియ్యి. తర్వాత అచ్చుకిచ్చుకో."

మార్చలే. ఆయన చెప్పింది కింద రాసిన, అదే చాలు.

మొన్న ఆదివారం క్యాంటీనక్క ఇంటికి పోయిన. ఆమె గడప మీద కూసున్నది. మొత్తం సదివిన. కంచరగాడిదల కాడ నవ్వింది. శిబిరంల ఆట కాడ నవ్వు పోయింది. ల్యాంపురూం గది అయిపోయినంక నన్ను ఆపింది.

"ఆయన వద్దన్నడా?"

"వద్దన్నడు. రెండుసార్లు."

"ఫోను చేసి మా తమ్మున్ని పైకి పిలిచింది గూడ ఆయనేనా?"

"ఆయనే."

ఆమె లేచింది. "మంచిర్యాలకు పొద్దుగాల మొదటి బస్సు ఎన్నింటికి?" అన్నది. చెప్పిన. నన్ను తిట్టలే. మంచినీళ్లు గూడ ఇయ్యలే. లోపటికి పోయింది.

ఇగ ఒక్కటి మిగిలింది. సభలల్ల చెప్పలే, పైన గూడ దాటేసిన.

కట్టెలు లేసినప్పుడు కాలనీవోళ్లు నిలబడలే, ఎనుకకు తిరగలే, కొట్టేటోళ్ల దిక్కు చూడను గూడ చూడలే. వరుస నడుమకెళ్లి దూరి ఇంక్లైన్ నోటి కాడికి పోయి ఆగిండ్రు. అక్కడ రాయి కట్టిన కమాను, దాని లోపట చీకటి, రెండు పట్టాలు కిందికి పోతుంటయ్. మూడు వందల మంది ఆ చీకటి దిక్కు మొఖాలు పెట్టి నిలబడ్డరు. ఎనుక నుంచి దెబ్బలు పడుతున్నయ్. వీపు మీద, భుజం మీద. నేను ఇరవై గజాల దూరంల, కిటికీ చువ్వ పట్టుకొని ఉన్న. క్యాంటీనక్క భుజం మీద పడ్డ దెబ్బ చూసిన. చెయ్యి ఏలాడింది. మొఖం తిప్పలే.

చానసేపటికి లోపట దూరంగ ఒక దీపం కనబడ్డది. ఎవరో "ఒకటి" అన్నరు. తర్వాత ఇంకోటి. "రెండు" అని పది గొంతులు. "మూడు" అని అందరు. కొట్టే పిల్లలు గూడ కట్టెలు దించి చీకట్లకు చూస్తున్నరు. నాలుగో దీపం రాలే. మూడు దీపాలు పైకి ఎక్కుతనే ఉన్నయ్. నాలుగోది క్యాంటీనక్క తమ్మునిది. కొద్దిసేపటికి పంపు బందు చేసి రావాలె గద, ఆలస్యమైంది. ఆమెకు ఆ సంగతి తెల్వది. మూడుకు నాలుగుకు నడుమ ఎంత సేపు పట్టిందో నా గడియారం చూడలే. ఆ టైము నేను ఎవరికి పెంచి చెప్పలే, తగ్గించి చెప్పలే. ఏలాడే చెయ్యిని ఇంకో చేతితోని పట్టుకొని, నోరు కొద్దిగ తెరుసుకొని, ఆమె ఆ చీకట్లకు చూస్తున్నది.